సన్నతీగ ఎవరికి వినబడింది

గద్వాల,
6 సెప్టెంబరు 2004

ఒప్పుకున్నారు రత్నం, ఒప్పుకున్నారు! ఈ క్రిస్మస్ ఆరాధనకు మన సంఘంలో నీ గిటారే!

ఈ మాట ముందు రాసేయకుండా ఆగలేకపోయాను. ఇప్పుడు పద్ధతిగా మొదలుపెడతాను. నా ముద్దుల కొడుకు జీవరత్నానికి గద్వాల నుంచి మీ నాయన అబ్రహాం, మీ అమ్మ ఎస్తేరమ్మ దీవెనలు. మేము బాగున్నాము. నాగర్‌కర్నూల్‌లో నువ్వూ, నీ సబ్‌స్టేషనూ బాగున్నారని తలుస్తాను.

నిన్న ఆరాధన అయ్యాక కమిటీ కూర్చుంది. పోయిన ఏడు లాగే కీబోర్డు వాళ్లను పిలుద్దామని ఎవరో అన్నారు. కుట్టుమిషను మానేశాను గానీ నోరు మానలేదు కదా, లేచి నిలబడ్డాను. "మనింటి పిల్లగాడు ఉండంగ బయటోళ్లెందుకు? మా రత్నం తాన పన్నెండు తీగల గిటారుంది, కరెంటుది. ఇటు దిక్కు ఇంకెవ్వని తాన లేదు" అన్నాను. పాస్టరు అయ్యగారు నవ్వి "పన్నెండెందుకు అబ్రహాం, ఆరు చాలవా?" అన్నారు. "ఆరైతే ఒక్కడు పాడినట్టుంటది అయ్యగారూ. పన్నెండైతే లావుతీగ పక్కన సన్నతీగ, తండ్రి పక్కన కొడుకు నిలబడి పాడినట్టుంటది" అన్నాను. ఆ మాట నా నోటికి ఎట్లా వచ్చిందో దేవునికే తెలియాలి! అందరూ తలలూపారు. నా హార్మోనియం, నీ గిటారు పక్కపక్కన! ఇంటికి వచ్చేదాకా కనబడ్డవాళ్లందరికీ చెప్పాను. రాజోలి బస్సు ఎక్కుతున్న ఒకాయనకు కూడా చెప్పాను, ఆయన ఎవరో నాకు తెలియదు.

ఇంకొక సంగతి. నువ్వు మెచ్చుకుంటావని దాచిపెట్టి ఇప్పుడు బయటపెడుతున్నాను. ఆగస్టులో నువ్వు గిటారు ఇంట్లో పెట్టి బుచ్చన్న చిన్నాయనను చూడడానికి ఆత్మకూరు పోయావు కదా. అప్పుడు దాన్ని బట్టతో తుడిచాను. తీగలు కింద ఆనుకునే చోట ఆరు చిన్న ఇనుప దిమ్మెలున్నాయి. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు, కల్లు తాగి నిలబడ్డట్టున్నాయి. బతుకంతా చొక్కాలకు గుండీలు వరసపెట్టి కుట్టిన మనిషిని, చూస్తూ ఊరుకోగలనా? మిషను స్క్రూడ్రైవరు తెచ్చి, అడ్డంగా దారం పట్టి, ఆరింటినీ ఒక్క వరసలో నిలబెట్టాను. చూస్తే ఎంత ముచ్చటగా ఉందో! ఇప్పుడు మోత ఎట్లా ఉందో రాయి.

ఫోను చేయకు. టెలిఫోన్ బూత్‌లో వెనక నిలబడ్డవాళ్లు చెవులు రిక్కిస్తుంటే నాకు మాట రాదు. ఉత్తరమే రాయి.

నిన్ను తలుచుకుని పొంగిపోతున్న
మీ నాయన

•

నాగర్‌కర్నూల్,
14 సెప్టెంబరు 2004

నాయనకు, అమ్మకు వందనాలు.

నీ ఉత్తరం డ్యూటీలో చదివి నాలో నేనే నవ్వుకుంటుంటే మా హెల్పరు "పెండ్లి కుదిరిందా సార్?" అన్నాడు. చాలా సంతోషం నాయనా. నిజం చెప్పాలంటే భయం కూడా వేసింది.

నువ్వు కోపం చేసుకోనంటే ఒక మాట. ఆ దిమ్మెలు వంకరగా ఉండడమే వాటి పద్ధతి. తీగను ఖాళీగా మీటితే ఒక స్వరం పలుకుతుంది. సరిగ్గా సగంలో, పన్నెండో మెట్టు మీద నొక్కి మీటితే అదే స్వరం పై స్థాయిలో పలకాలి. లావుతీగను నొక్కితే ఎక్కువ బిగుసుకుంటుంది, స్వరం హెచ్చుతుంది. అందుకని దాని దిమ్మెను కాస్త వెనక్కు జరిపి తీగ పొడవు పెంచుతారు. సన్నతీగకు అంత అక్కర్లేదు. అన్నీ ఒక్క వరసలో ఉంటే కింద మెట్ల మీద పాట బాగానే ఉంటుంది, పైకి పోయేకొద్దీ పాడవుతుంది. బస్సులో కుదుపులకు చెడిపోయిందేమో అనుకుని నెల రోజులుగా బస్సును తిడుతున్నాను.

మన గిటారుకు ఇంకో చిక్కుంది. తీగలు పన్నెండు, దిమ్మెలు ఆరే. ఒక లావుతీగా ఒక సన్నతీగా ఒకే దిమ్మె మీద కూర్చుంటాయి. లావుదానికి కుదిర్చితే సన్నది తగ్గుతుంది. సన్నదానికి కుదిర్చితే లావుది హెచ్చుతుంది. ఒకరికి న్యాయం చేస్తే ఇంకొకరికి అన్యాయం.

వనపర్తిలో హార్మోనియంలు బాగుచేసే అబ్దుల్ హమీద్ చాచా ఉన్నాడు. మొన్న తీసుకుపోయి చూపించాను. చేతిలోకి తీసుకుని "దీన్ని ఎవరో దర్జీ ముట్టినట్టుందే" అన్నాడు. దాని పని పడతానన్నాడు. అందుకని ఈ సెలవుకు గద్వాల రాలేను, వనపర్తి పోతాను.

మీ
రత్నం

•

గద్వాల,
21 సెప్టెంబరు 2004

రత్నానికి నాయన దీవెనలు.

సంతోషం. చాలా సంతోషం. దిమ్మెల సంగతి తెలుసుకున్నాను, నా తప్పు అని రాయనందుకు నీ మంచితనం కూడా తెలుసుకున్నాను.

అయితే ఈ చాచా ఎవరు? నాకున్నది ఒక్కడే తమ్ముడు, ఆత్మకూరు బుచ్చన్న. వనపర్తిలో ఇంకొక తమ్ముడున్నట్టు మా అమ్మ నాకు చెప్పలేదు. నేను ముట్టిన పని దర్జీ పని అని పట్టుకున్నాడంటే గట్టివాడే. మంచిదే. నాకేమీ బాధ లేదు.

ఒకటి మాత్రం అడుగుతాను. నాగర్‌కర్నూల్ నుంచి గద్వాలకు వచ్చే తోవలోనే కదా వనపర్తి ఉంది. అక్కడిదాకా వచ్చినవాడికి మిగతా తోవ దూరమైందా? మీ అమ్మ నీ సెలవు రోజు చేపలు తెప్పించి, కడిగి, ఉప్పు పసుపు రాసి పెట్టింది. పక్కింటి బాలమ్మ పిల్లలు తిన్నారు. బాగున్నాయన్నారు.

నీకు స, ప, స అని మొదట చెప్పింది ఎవరు? హార్మోనియం మెట్ల మీద నీ వేలు పెట్టి నొక్కించింది ఎవరు? గిటారు ఇక్కడికి పట్టుకురా. స్క్రూలు ఎవరు తిప్పితే ఏమిటి, వినేది నేను. హెచ్చిందో తగ్గిందో నేను చెప్తాను. నాకు కావలసింది ఆ ఒక్కటే రత్నం. నీ గిటారు శ్రుతి నా చెవి ముందు కుదరాలి. కమిటీలో నిలబడి మాట ఇచ్చినవాణ్ని నేను, ఆ హమీదు కాదు.

మీ చాచా కాని,
మీ నాయన అబ్రహాం

•

నాగర్‌కర్నూల్,
5 అక్టోబరు 2004

నాయనకు, అమ్మకు వందనాలు.

చేపల సంగతికి బాధేసింది. అమ్మకు చెప్పు.

నువ్వు శ్రమ పడడం ఎందుకని తప్ప ఇంకేమీ లేదు నాయనా. చాచా ఒక ఉపాయం చెప్పాడు. దిమ్మె కొనను ఏటవాలుగా అరగదీస్తే లావుతీగ వెనకంచు మీద, సన్నతీగ ముందంచు మీద ఆనుతుంది. ఒకే దిమ్మె మీద ఇద్దరికీ వేరువేరు పొడవు. హార్మోనియం రీడ్లు గీకే సన్న ఆకురాళ్లు ఆయన దగ్గరే ఉన్నాయి. కానీ ఒకసారి అరిగిన ఇనుము మళ్లీ పెరగదు. ఒక్క గీటు ఎక్కువైతే ఆ దిమ్మె పనికిరాదు, దానికి జత ఎక్కడా దొరకదు. కాబట్టి గీసేటప్పుడు పక్కన గట్టిగా వినే చెవి ఉండాలి. నేను వింటే చాలదు. నొక్కేది నా వేళ్లే కాబట్టి స్వరం తప్పినా నా చెవి సర్దుకుపోతుంది. ఆ చెవి అక్కడుంది, అందుకే అక్కడ కూర్చుంటున్నాను.

నా తిండి గురించి అమ్మను రంది పెట్టుకోవద్దను. రహీమాబీ చాచీ వేడివేడి జొన్నరొట్టె, పప్పుచారు పెడుతుంది. ఇంటి లెక్కనే ఉంది.

మీ
రత్నం

•

గద్వాల,
14 అక్టోబరు 2004

జీవరత్నానికి,

ఇంటి లెక్కనే ఉందా? మంచిది. ఇల్లు దొరికిందన్నమాట.

నీ ఉత్తరం మీ అమ్మకు చదివి వినిపించాను. చాచీ రొట్టె దగ్గర ఆపుదామనుకున్నాను గానీ నోరు ఆగలేదు. ఆమె నవ్వింది. "పిల్లగాడు కడుపు నిండ తింటుండు గద, నీకేంది కడుపుమంట?" అంది. కడుపుమంట అట! నాకు! నేను ఉన్న సంగతి అడుగుతున్నాను, అంతే. మీ అమ్మ రొట్టెకు ఏం తక్కువైంది? అంచులు మాడినయ్యా?

నువ్వే రాశావు, పక్కన గట్టిగా వినే చెవి ఉండాలని. వడ్డేపల్లి నుంచి ఇటిక్యాల దాకా ఏ పెళ్లిలో పాట తప్పినా "అబ్రహామును అడుగుండ్రి" అనేవాళ్లు. ఆ చెవిని ఇంట్లో పెట్టుకుని బయట చెవి వెతుక్కుంటున్నావు. మొన్న ఆదివారం ఆరాధనకు వచ్చిన వాళ్లంతా "ఎంతవరకొచ్చింది రత్నం గిటారు?" అని నన్నే అడిగారు. "వనపర్తిలో ఉంది" అన్నాను. "మరి నువ్వు చూడలేదా?" అన్నారు. చూస్తే కదా.

సూటిగా అడుగుతున్నాను, సూటిగా చెప్పు. హమీదు చెవికీ నా చెవికీ ఏమిటి తేడా? జవాబు రాయకపోతే వచ్చే ఆదివారం కమిటీలో లేచి కీబోర్డు వాళ్లనే పిలవమని నేనే చెప్తాను. నాకు తలవంపు అయితే అయింది.

అబ్రహాం

•

నాగర్‌కర్నూల్,
22 అక్టోబరు 2004

నాయనా,

సూటిగా అడిగావు కాబట్టి రాస్తున్నాను. ఒకటి రాసి చించి పారేసి మళ్లీ మొదలుపెట్టాను.

ఆగస్టులో నేను తిరిగి వచ్చే ముందు సాయంత్రం, వాకిట్లో కూర్చుని నీకు కీర్తన వాయించాను, గుర్తుందా? మూడో జంటలో సన్నతీగ దిగిపోయింది. సరిచేద్దామని చెయ్యి పెట్టేలోపు నువ్వు "బంగారం! బంగారం లెక్క పలుకుతుంది!" అన్నావు. నాకు అనుమానమొచ్చింది. ఆ తీగను ఇంకా వదులు చేసి మళ్లీ వాయించాను. "ఇప్పుడు ఇంకా బాగుంది" అన్నావు. అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి నా దిక్కు చూసింది.

నీకు పాట తెలియదని కాదు. లావుతీగ నీకు ఇప్పటికీ నాకంటే బాగా వినబడుతుంది. సన్నతీగ నీకు వినబడడం లేదు నాయనా. వయసు మీద అందరికీ అయ్యేదే. నీకు చెప్పే ధైర్యం లేక వనపర్తి అన్నాను, దూరం అన్నాను, శ్రమ అన్నాను. గిటారు ఇంటికి తెస్తే నువ్వు మళ్లీ బంగారమంటావు, నేను అవునన్నా తప్పే, కాదన్నా తప్పే.

గిటారు చాచా దుకాణంలోనే ఉంది. నాకు పదిహేను రోజులు వరసగా డ్యూటీ. కీబోర్డు వాళ్లను పిలవమంటే పిలువు, నేనేమీ అనుకోను.

మీ
రత్నం

•

గద్వాల,
2 నవంబరు 2004

హమీదుకూ వినబడదు! రత్నం, నా తండ్రీ, ఆ హమీదుకు కూడా సన్నతీగ వినబడదు! దేవునికి స్తోత్రం!

ఒక మనిషికి వినబడకపోతే ఇంత సంతోషపడకూడదని తెలుసు. పడ్డాను, ఏం చేయను?

నీ ఉత్తరం వచ్చాక రెండు పూటలు అన్నం ముట్టలేదు. మూడో పూట, వనపర్తి పోయి ఆ మనిషి మొహం చూసి వస్తానని చెప్పులేసుకున్నాను. మీ అమ్మ కూడా చీర మార్చుకుంది. "నువ్వొక్కనివే పోతే లొల్లి పెట్టుకుంటవ్, నేనొస్త" అంది.

దుకాణం నిండా నోళ్లు తెరిచిన హార్మోనియంలు. మధ్యలో గోరింటాకు గడ్డంతో ఆయన. నన్ను కిందికీ మీదికీ చూశాడు.

"నువ్వేనా అబ్రహాం?"

"అవును. నువ్వేనా హమీదు?"

"కూసో. నీ మీద నాకు శాన కోపముంది" అన్నాడు.

నా మీద! ఆయన ఆగలేదు. "నీ కొడుకు నోరు తెరిస్తే మా నాయన గిట్లంటడు, మా నాయన గట్ల పాడుతడు. ఆకురాయి పడితె మా నాయన, చాయ్ తాగితె మా నాయన. నాకూ ఉన్నడు కొడుకు, బిలాల్. సెల్‌ఫోన్ల దుకాణం పెట్టిండు. నా పెట్టెల దిక్కు చూడనన్న చూడడు. నిన్ను సూడకముందే నీ మీద కుళ్లి సగమైన."

ఆ మాట ఇంకొకసారి అనమని అడగాలనిపించింది. సిగ్గు విడిచి అడిగాను కూడా. అన్నాడు.

తరువాత చాయ్ వచ్చింది. చాయ్ తాగాక గిటారు ఒళ్లో పెట్టుకున్నాడు. మూడు దిమ్మెలు గీయడం అయిందట, చివరి రెంటికీ ఒక్క తీరు తీగలే కాబట్టి గీత అక్కర్లేదట, మిగిలిన మూడో జంటదే తేలడం లేదట. ఒక గీటు గీసి, తీగ బిగించి, పన్నెండో మెట్టు నొక్కి మీటి, లోపలికి కేకేశాడు. "ఏమంటవ్?"

పరదా వెనక నుంచి ఆడమనిషి గొంతు. "ఇంకా జర."

మళ్లీ గీశాడు, మళ్లీ కేక. నేను ఊరుకోలేక "ఎవర్ని అడుగుతున్నవ్?" అన్నాను. గొంతు తగ్గించి చెప్పాడు. "సన్నది నాకు వినబడక ఏండ్లయింది. గిరాకీలకు తెల్వదు. రహీమాబీ రొట్టె చేసుకుంట చెప్తది, నేను గీకుత. నీ కొడుకుకు తెలుసు. ఎవ్వరికీ చెప్పకు బేటా అన్న."

అంటే నీకు తెలుసు! అతని పరువు కడుపులో దాచుకున్నావు, నా పరువు మాత్రం ఉత్తరంలో రాసి పంపావు! సరే, నేనే అడిగాను, నువ్వు చెప్పావు. అయినా ఆ మాట దగ్గర కొంచెం మండింది.

అసలు సంగతి ఇప్పుడు విను. మీ అమ్మ మొదటి నుంచీ పరదా వెనక రహీమాబీ దగ్గరే కూర్చుంది. హమీదు ఇంకో గీటు గీసి మీటాడు. "ఇంకా జర" అంది ఒక గొంతు. "వద్దక్కా, ఇగ ముట్టొద్దు, కుదిరింది" అంది ఇంకో గొంతు. మీ అమ్మది!

హమీదు ఆకురాయి గాల్లో పట్టుకుని నా దిక్కు చూశాడు. "ఎవరి మాట వినాలె? ఒక్క గీటు ఎక్కువైతె ఖతం."

నాకు తేడా ఏమీ వినబడలేదు రత్నం. రెండూ నాకు బంగారమే. "ఆపు. మా ఆమె చెప్పింది గద, ఆపు" అన్నాను. నమ్మకంతో అన్నానని అనుకోకు. ఇంకొకరి భార్య చెవి ముందు నా భార్య చెవి తక్కువ కావడం ఓర్చుకోలేక అన్నాను. అంతే.

రహీమాబీ పిండి చేతులతోనే బయటికి వచ్చి, వంగి, తనే మీటి విన్నది. లావుదీ సన్నదీ కలిపి, విడిగా, మళ్లీ కలిపి. "ఆమె చెప్పిందే కరెక్టు. నేను తొందరపడ్డ" అంది. హమీదు ఆకురాయి పెట్టెలో పెట్టేశాడు. కుదిరింది! పన్నెండు తీగలూ కుదిరాయి! నాకు తెలిసి కాదు, వాళ్లిద్దరి మొహాలు చూసి చెప్తున్నాను. రొట్టె కూడా తిన్నాను. బాగుంది. మీ అమ్మ రొట్టె అంత కాదు. అంతకు దగ్గర.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మీ అమ్మను అడిగాను. "మన చర్చిల నా హార్మోనియం గూడ గిట్లనే వింటున్నవా?"

"వినక?"

"ఎట్లుంది?"

కిటికీలో నుంచి పొలాలు చూస్తూ చెప్పింది. "పై స్థాయిల ఒక రీడు ఎప్పుడో దిగింది. ఆడికి వచ్చినప్పుడు ఆడోళ్లమంత జర తగ్గించి పాడుతం. నీకు సరిపోవాలె గద."

"మరి ఇన్నేండ్లు చెప్పలేదేంది?"

"ఎప్పుడన్న అడిగినవా?"

బీచుపల్లి వంతెన దాటేదాకా పాత కీర్తనలన్నీ మనసులో పాడి చూసుకున్నాను. ఆడవాళ్లంతా! ఆదివారం ఆదివారం నా వెనక నిలబడి, నా పెట్టె కోసం దిగి పాడారు. నా పాట ఎంత ఒద్దికగా నడుస్తుందో అని నేను మురిసిపోయాను. హమీదు మీద కుళ్లు తీరిందనుకుంటే ఇప్పుడు ఇంట్లోనే మొదలైంది. అన్నం వడ్డించే మనిషికి అంత చెవి ఏమిటి, నాకు లేనిది?

అయినా మనసు పొంగుతూనే ఉంది. నీ గిటారు నిఖార్సుగా పలుకుతుంటే పక్కన నా పెట్టె తప్పుగా పలకడం కుదరదు. హమీదును, రహీమాబీని గద్వాల రమ్మని కార్డు రాశాను. ఆయన రీడు గీస్తాడు, నేను తిత్తి ఊదుతాను, మీ అమ్మ చెప్తుంది. నా పెట్టె విప్పేటప్పుడు నేను పక్కనే కూర్చుంటాను, అది వేరే సంగతి. కమిటీలో కీబోర్డు మాట నేను ఎత్తలేదు, ఎత్తను. డ్యూటీ అయ్యాక వనపర్తిలో గిటారు తీసుకుని, ఈసారి అక్కడ దిగిపోకుండా ఇంటిదాకా రా.

ఇక అందరికీ తెలియాలి. బుచ్చన్న చిన్నాయనకు చెప్పు, గిటారు కుదిరిందని మాత్రమే, నా చెవి సంగతి వద్దు, నాకంటే చిన్నవాడు, నవ్వుతాడు. వడ్డేపల్లి సారమ్మ అత్తకు అంతా చెప్పు, చెప్పకపోయినా లాగుతుంది. మీ అమ్మ చెల్లెలు నాగేంద్రమ్మ పిన్నికి వాళ్ల అక్క చెవి గురించి వివరంగా రాయి, రహీమాబీ ఒప్పుకున్న మాట కూడా రాయి, వాళ్ల పుట్టింటి వాళ్లంతా సంతోషిస్తారు, నాకు కష్టమే అయినా రాయి. నాగేంద్రమ్మ కోడలు జయశ్రీకి, ఆమె పిల్లలకు, క్రిస్మస్‌కు అందరూ రావాలని చెప్పు. హమీదు చెవి సంగతి మాత్రం ఎవ్వరికీ వద్దు. పోతే మీ అమ్మ మిగిలింది. ఇకనుంచి ఆదివారం పాట ఎత్తే ముందు శ్రుతి ఆమెనే అడుగుతానని ఆమెకు చెప్పాలి. అది నువ్వు రాయకు. ఈ ఉత్తరం డబ్బాలో వేసి వచ్చి నేనే చెప్తాను.

మీ నాయన
అబ్రహాం